‘లేచిపోయింది’ అన్న మాట, చలం రాజేశ్వరి

‘లేచిపోయింది’కి బదులు వాడదగ్గ మర్యాదైన మాట ఏదైనా ఉందా అని అడిగారు కదా. ఆలోచిస్తూ ఆలోచిస్తూ చలం ‘మైదానం’ మళ్లీ తీశాను. 1927 నాటి ఆ నవలలో కథ మొదలయ్యేదే ఈ మాట దగ్గర. ప్లీడరు భార్య రాజేశ్వరి అమీర్‌తో వెళ్లిపోయింది. లోకం దాన్ని ఏమంటుందో ఆమెకి తెలుసు. ఆ మాటంటే తనకీ అసహ్యమే అంటుంది, తను చేసిన పనికి ఆ పేరు పెట్టుకోనంటుంది. ఇదంతా ‘నేను’ అంటూ ఆమే చెబుతుంది. అప్పటిదాకా ఊరివాళ్ల నోట్లోనే నలిగిన మాటకి, ఎవరి గురించి అన్నారో ఆ మనిషే జవాబు చెప్పింది. చలాన్ని అంతగా తిట్టిపోయడానికి శృంగారం కంటే ఇదే పెద్ద కారణమని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇక మాట సంగతి. గోడ పెచ్చులు లేచిపోయాయి, తలుపు రంగు లేచిపోయింది, గాలికి పైకప్పు రేకు లేచిపోయింది అంటాం. అంటుకుని ఉండాల్సింది ఊడి వచ్చిందని అర్థం. ఇదే క్రియ ఆడమనిషికి వాడితే ఆమె ఇంటికి అతికించిన పెచ్చు అయిపోతోంది. ఇప్పుడు ‘ఇద్దరూ లేచిపోయారు’ అని కూడా అంటున్నారు, నిజమే. కానీ మగవాణ్ణి విడిగా చెప్పాల్సి వస్తే ‘లేపుకుపోయాడు’ వస్తుంది. అందులో ఆవిడ కర్మ, మోసుకెళ్లిన సామాను. ఆవిడ కర్త అయ్యేది నింద మొయ్యాల్సి వచ్చినప్పుడే.

రాజేశ్వరి మాటలు ఇంత సూటిగా తగలడానికి చలం వచనమే కారణం. గ్రాంథికమా, వాడుకభాషా అని పండితులు ఇంకా కొట్టుకుంటున్న రోజుల్లో ఆయన మాట్లాడుకునే తెలుగులోనే రాశాడు. చిన్న వాక్యం, మధ్యలో ఆగిపోయే వాక్యం, తనలో తను వాదించుకునే వాక్యం. పైకి చదివితే ఎవరో ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది.

చలం స్త్రీని శరీరంగానే చూశాడన్న మీ ఆక్షేపణ నేను కొట్టిపారెయ్యను. కానీ అమీర్‌తో మైదానంలో బతకడానికి వెళ్లాక రాజేశ్వరికి సుఖమే దక్కిందని ఆయన రాయలేదు. అమీర్‌కి బిడ్డ వద్దు, ఆ బాధ పడింది ఆమె. ఆ పేజీలు చదవడం నాకు ఇప్పటికీ కష్టమే. ‘స్త్రీ’ అన్న పుస్తకంలో ఆడవాళ్ల మెదడుకి జ్ఞానం, హృదయానికి అనుభవం ఇవ్వాలని రాసిందీ ఈయనే. 1894లో మద్రాసులో పుట్టి, స్కూళ్ల ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి, 1950లో అరుణాచలంలోని రమణ మహర్షి ఆశ్రమం చేరి, 1979లో అక్కడే కన్నుమూశాడు. ఆశ్రమానికి వెళ్లాడు కాబట్టి ముందు రాసినవన్నీ తప్పని ఒప్పుకున్నట్టే అనేవాళ్ల వాదన నాకు మింగుడుపడదు.

మీరడిగిన దానికి నా జవాబు: ‘వెళ్లిపోయింది’ చాలు. ఎవరితో అన్నది అవసరమైతే చెప్పొచ్చు. మగవాడు ఇల్లూ భార్యనీ వదిలి వెళ్తే ‘లేచిపోయింది’ అంత ఘాటుగా తగిలే మాట మీ ప్రాంతంలో ఏదైనా ఉందా? నాకు ఒక్కటీ దొరకలేదు. విన్నవాళ్లు రాయండి.