బొమ్మ బాగానే ఉండగా మళ్లీ మనుషులతో తీయడం ఎందుకు?

చుక్కలచీర, రాజమండ్రి:

'మోవానా' అనే బొమ్మల సినిమాని నిజం మనుషులతో, అంటే లైవ్‌ యాక్షన్‌లో తీసి 2026 జూలై 10న విడుదల చేస్తామని డిస్నీ ప్రకటించిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఇదే వాదన. బొమ్మల మోవానా వచ్చింది 2016లో. పదేళ్లు కూడా నిండలేదు. అప్పుడు అందులో మావీ అనే పాత్రకి గొంతిచ్చిన డ్వేన్‌ జాన్సనే ఇప్పుడు వేషం కూడా వేశాడు. పదకొండేళ్ల మా అమ్మాయి రోజులు లెక్కపెడుతోంది. నాకు మాత్రం మనసు ఒప్పడం లేదు. ఎందుకో చెబుతాను, కాదనేవాళ్లు కాదనండి.

మొన్న ఆదివారం 1994 నాటి బొమ్మల లయన్‌ కింగ్‌, 2019 నాటి రీమేక్ వరసగా చూశాం. తొక్కిసలాట అయిపోయాక, దుమ్ములో పడి ఉన్న తండ్రి దగ్గరికి సింహం పిల్ల సింబా వచ్చే చోట రెండింటినీ ఆపి ఆపి చూశాను. పాతదాంట్లో పిల్లవాడి కనుబొమలు ముడిపడి పైకి లేస్తాయి. ముఖమంతా కళ్లే అవుతాయి. చెవి పట్టి లాగుతాడు, తండ్రి లేవడు. ఆ పంజా కిందకి తనే దూరి పడుకుంటాడు. కొత్తదాంట్లో వెంట్రుక వెంట్రుకా విడివిడిగా కనిపిస్తోంది, గాలికి కదులుతోంది. ముఖం మాత్రం కదలదు. సింహానికి కనుబొమలు ఉండవు కదా. అచ్చం సింహంలాగే ఉండాలని పట్టుబట్టాక ఆ పిల్లాడు ఏడ్చేదెలా? గొంతు ఏడుస్తుంటే ముఖం ఊరికే చూస్తూ ఉంటుంది.

పాటలూ అంతే. సింబా తాను రాజైపోతానని పాడుకునే పాటలో పాత సినిమా రంగులన్నీ మార్చేస్తుంది, జంతువులు ఒకదాని మీద ఒకటి ఎక్కి గోపురంలా నిలబడతాయి. కొత్తదాంట్లో పిల్లలిద్దరూ జంతువుల మధ్య పరుగులు తీస్తారు, అంతే. గీతకి చేతనైనదంతా తీసేసి, దానికి 'నిజం' అని పేరు పెట్టడం నాకు బాధగా ఉంది.

కాజీపేట జంక్షన్‌:

అక్కా, ఆ సీన్‌ గురించి మీరు చెప్పింది కరెక్టే. కానీ 1994 సినిమా మా దిక్కు ఎంతమంది చూసిన్రు? నాకైతే 2019లనే తెలిసింది, అదీ తెలుగుల. సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు, సింబా నాయన ముఫాసాకు రవిశంకర్‌, టిమోన్‌కు అలీ, పుంబాకు బ్రహ్మానందం. మా నాయనమ్మను తీస్కపోయిన. టీవీల కార్టూన్‌ పెడితే 'పోరగాండ్లది' అని లేచిపోయే మనిషి. బ్రహ్మానందం గొంతు ఇనంగనే గుర్తువట్టి నవ్వింది. ముఫాసా కిందవడ్డప్పుడు కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. ముఖం కదుల్తలేదని ఆమెకు అనిపియ్యలే. అడవి సింహం సచ్చిపోయిందనే ఏడ్సింది. ఆ ఏడుపు నేను కండ్లార చూసిన. గందుకే మీ మాట పూరాగ ఒప్పుకోలేను.

చుక్కలచీర:

మీ నాయనమ్మగారి ఏడుపును నేను ఎందుకు కాదంటాను తమ్ముడూ? కాకపోతే ఆ పుణ్యం గొంతులది. అవే గొంతులతో పాత బొమ్మల సినిమాని తెలుగులో చెప్పించి హాల్లో వేస్తే ఏడ్చేవారు కాదా? 2025 జూలైలో 'మహావతార్‌ నరసింహ' వచ్చింది. మొదటి నుంచి చివరి వరకూ యానిమేషనే. మా హాల్లో చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చిన పెద్దవాళ్లను చూశాను. బొమ్మంటే పిల్లలకే అన్న మాట మనవాళ్ల విషయంలో నిలవదు.

రెండరింగ్‌ రాత్రులు, హైదరాబాద్‌:

గ్రాఫిక్స్‌ పని చేసేవాణ్ణి కాబట్టి ఒక మాట. మీరిద్దరూ 2019 లయన్‌ కింగ్‌ని లైవ్‌ యాక్షన్‌ అనే లెక్కలో మాట్లాడుతున్నారు. అందులో కెమెరాతో తీసింది ఒకే ఒక్క షాట్‌, మొదట్లో వచ్చే సూర్యోదయం. దర్శకుడు జాన్‌ ఫావ్‌రోనే ఆ సంగతి బయటపెట్టాడు. మిగతాదంతా కంప్యూటర్లో యానిమేటర్లు కదిలించిందే. గోల్డెన్‌ గ్లోబ్స్‌లో దాన్ని ఉత్తమ యానిమేషన్‌ చిత్రం విభాగంలోనే నామినేట్‌ చేశారు. దానికీ, అంతకుముందు 2016 జంగిల్‌ బుక్‌కీ ఎంపీసీ అనే గ్రాఫిక్స్ సంస్థ బెంగళూరు స్టూడియోలో మనవాళ్లు కూడా పనిచేశారు. వాళ్ల మాతృసంస్థ టెక్నికలర్‌ 2025 ఫిబ్రవరిలో కుప్పకూలింది. అందుకే 'యానిమేషన్‌ తీసేసి నిజం పెట్టారు' అన్నప్పుడల్లా ప్రాణం చివుక్కుమంటుంది. చేసింది యానిమేటర్లే, చెయ్యి కనపడకుండా చెయ్యమన్నారు, అంతే.

ఇక ముఖం సంగతి. చుక్కలచీర గారి మాటకి నేను సంతకం పెడతాను. 2025లో వచ్చిన రెండు రీమేక్‌లు చూడండి, 'లిలో అండ్‌ స్టిచ్‌', 'హౌ టు ట్రెయిన్‌ యువర్‌ డ్రాగన్‌'. మొదటిదాంట్లో వింత జీవి స్టిచ్‌కి బొచ్చు వచ్చింది, రెండోదాంట్లో డ్రాగన్‌ టూత్‌లెస్‌కి పొలుసులు వచ్చాయి. కళ్లు మాత్రం ఇద్దరికీ పాత బొమ్మ కళ్లే, అంతంత పెద్దవి. అసలు సినిమాలు రెండూ తీసింది ఒకే జంట, క్రిస్‌ శాండర్స్‌, డీన్‌ డెబ్లాయ్‌. డ్రాగన్‌ రీమేక్‌కి డెబ్లాయే మళ్లీ దర్శకుడు. ఏది వదలకూడదో ఆయనకి తెలుసు. అందులో కుర్రాడు మొదటిసారి చెయ్యి చాచి, ముఖం పక్కకి తిప్పుకుని నిలబడితే, డ్రాగన్‌ తనంతట తాను ముక్కు తెచ్చి ఆనించే చోటు ఉంది చూశారూ, అక్కడ నా పక్క సీటు పిల్ల కూడా చెయ్యి చాచింది.

పెరటి జామ:

లిలో మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. ముగింపు మార్చారని నెట్‌లో అంత తిట్టారు, మీలో ఎవరికైనా నచ్చిందా? 2002 సినిమాలో తల్లిదండ్రులు పోయిన చెల్లి లిలోని పెంచుకోవడానికి నాని అనే అక్క నానా అవస్థలూ పడి, చివరికి తనతోనే ఉంచుకుంటుంది. 2025లో చెల్లిని పొరుగింటి పెద్దావిడ దగ్గర ఉంచి, సముద్రజీవుల చదువు కోసం శాన్‌డియాగో వెళ్తుంది. ఒహానా (కుటుంబం) అంటే ఎవరినీ వెనక వదిలెయ్యకపోవడం అని చెప్పిన కథలో అక్క వదిలేసి పోయిందని గొడవ.

మా నాన్న పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అక్క ఇంటర్‌లో ఆగిపోయి నన్ను చదివించింది. ఇప్పటికీ మా పిల్లల పుస్తకాలకి అట్టలు వేస్తూ లోపలి పాఠాలు చదువుకుంటూ కూర్చుంటుంది. ఆ ముగింపులో నాకు వదిలేయడం కనపడలేదు. వెనక వదిలెయ్యకూడని వాళ్లలో అక్క కూడా ఉందని ఒకరికి తోచింది. బొమ్మల సినిమాలో నేను చిన్నపిల్ల వైపే చూశాను. నిజం మనిషి ముఖం కనపడేసరికి అక్క వైపు చూశాను. రీమేక్‌ నాకు ఇచ్చింది ఇదే, నాకు చిన్నదేం కాదు.

కాజీపేట జంక్షన్‌:

జామ అక్కా, మీ పోస్ట్‌ మా ఇంట్ల అందరికీ సదివి వినిపిచ్చిన.

ఇంకొక్కటి. 2023ల 'లిటిల్‌ మెర్మెయిడ్‌' అప్పుడు హీరోయిన్ హాలీ బెయిలీ నల్ల రంగు మీద వడి ఎన్ని మాటలన్నరు! సినిమా చూడకముందే టీజర్‌ కింద తిట్లు. అది చర్చ కాదు. కథల చేపపిల్లకు తోలు రంగు ఏందని అడిగేటోళ్లు, మనింట్ల నల్లగున్న ఆడపిల్లను ఏమంటరో నాకు ఎరికే. ఈ థ్రెడ్‌ల అది రాలేదు, సంతోషం.

చుక్కలచీర:

జామ గారూ, ఆ ముగింపు నాకు నచ్చలేదు, ఇప్పుడు మళ్లీ చూస్తాను. అక్క కోసం చూస్తాను. కానీ మీరు చెప్పింది కూడా నా వైపుకే వస్తోంది. అక్కడ మనిషి ముఖం కొత్తగా ఏదో ఇచ్చింది, అందుకే మీకు తగిలింది. సింహానికి ఉన్న ముఖం కూడా తీసేశారు. మారిస్తే అలా ధైర్యంగా మార్చాలి, లేదా ముట్టుకోకూడదు. షాట్‌కి షాట్‌ అదే దించి, రంగు తగ్గించి మళ్లీ టికెట్‌ అమ్మడమే నాకు మింగుడు పడనిది. ఆ లయన్‌ కింగ్‌కి ప్రపంచమంతటా 160 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి కాబట్టి వాళ్లు ఆపరని తెలుసు. అదే 2025లో 'స్నో వైట్‌'కి జనం రాలేదు. డబ్బు రెండు రకాలుగానూ మాట్లాడుతుంది, దాన్ని సాక్ష్యానికి పిలవను.

మోవానాకి వెళ్తాను, అమ్మాయి మాట కాదనలేను. మొదట్లో, నడక వచ్చీరాని మోవానా పక్షుల నుంచి తాబేలు పిల్లకి ఆకు అడ్డం పెట్టి నీళ్ల దాకా తీసుకెళ్తుంది. అప్పుడు సముద్రం పక్కకి తొలగి, ఆ పిల్ల జుట్టు పైకి లేపి ఆడుకుంటుంది. బొమ్మలో ఆ నీళ్లకి ముఖం లేదు, అయినా అది నవ్వుతోందని మా అమ్మాయి మూడేళ్లప్పుడే చెప్పింది. అచ్చం నీళ్లలాంటి నీళ్లు అలా నవ్వుతాయో లేదో దాని పక్కనే కూర్చుని చూస్తాను. వచ్చాక ఇక్కడే రాస్తాను.