అమ్మే ముందు చెమ్మ గోడ బాగు చేయించాలా, రంగు వేయిస్తే సరిపోతుందా?

నమస్కారమండీ. ఊరి శివార్లలో ఉన్న మా ఇల్లు వచ్చే నెల అమ్మకానికి పెడుతున్నాం. అదనపు సామాన్లు తీసేశాం, కారే కుళాయిలు మార్పించాం. నా బెంగంతా పడకగది గోడ గురించే. బాత్‌రూమ్ వైపు మోకాలెత్తు దాకా చెమ్మ ఎక్కి పెయింట్ పొక్కులు పొక్కులుగా లేచింది. గోరు తగిలితే చాలు, పొడి రాలుతోంది. పైన రెండు కోట్లు వేసేస్తే కనపడదంటున్నాడు పెయింటర్. లోపల లీకు ఆపకుండా వేస్తే మళ్లీ ఉబ్బుతుంది కదండీ! పైగా కొనేవాళ్ల దగ్గర దాచడానికి నాకు మనసొప్పడం లేదు.

లీకు ఆపాక మీ గోడ ఆరడానికి ఎన్నాళ్లు పట్టింది? లేక ఉన్నదున్నట్టు చెప్పి ధర తగ్గించడమే నయమా? వంటగది అలమరాలు పాతవే గానీ గట్టిగా ఉన్నాయి. వాటిని మార్చకుండా అమ్మినవాళ్లుంటే దయచేసి చెప్పండి.