అప్‌డేట్: ఆ పాత ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ కొనేశాను

1970 నాటి ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2 వ్యాన్, ఇంజన్ స్టార్ట్ కావడం లేదు, కొనొచ్చా అని ఇంతకుముందు అడిగాను కదా. కొన్నాను. ఇంజన్ సంగతి తర్వాత, ముందు తుప్పు చూడమన్నవాళ్లకు థాంక్స్. పలచటి గుడ్డలో చుట్టిన అయస్కాంతంతో బాడీ అంతా తడిమాను. తలుపుల కింద చాలాచోట్ల అది అంటుకోనే లేదు. పెయింట్ కింద ఉన్నది రేకు కాదు, పుట్టీ! బ్యాటరీ కింది రేకునూ తుప్పు తినేసింది. అవన్నీ చూపించి ధర బాగా తగ్గించాను. ఛాసిస్ గట్టిగా ఉంది, లేకపోతే వదిలేసేవాడినే.

టెన్షన్ పడ్డ ఇంజన్ మాత్రం తేలిగ్గానే దారికొచ్చింది. కార్బ్యురేటర్ శుభ్రం చేసి, పాయింట్ల (స్పార్క్ కోసం కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్) గ్యాప్ 0.4 మిల్లీమీటర్లకు సరిచేస్తే స్టార్ట్ అయింది. అంతకంటే ముందే పెట్రోల్ పైపులన్నీ మార్చేశాను. ఎండి పగిలిన రబ్బరు పైపుల నుంచి పెట్రోల్ కారి మంటలు అంటుకోవడం ఈ వ్యాన్లకు పాత జబ్బే. ఇది నీళ్లతో కాకుండా గాలితో చల్లబడే ఇంజన్. అందుకని చుట్టూ ఉండే రేకులు, రబ్బరు సీలు కూడా సరిగ్గా బిగించాలి, లేదంటే వేడిగాలి మళ్లీ లోపలికే వస్తుంది.

ఇప్పుడు వెల్డింగ్ నడుస్తోంది. తర్వాత బ్రేకులు. ఏం రంగు వేస్తావని అడిగినవాళ్లూ, దానికింకా చాలా టైముంది.