ఎక్స్5 ముందు బ్రేకు ప్యాడ్లు, బ్యాటరీ ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా?

ప్రశ్న

మిత్రులందరికీ నమస్కారం. నేను 2015 నాటి బీఎండబ్ల్యూ ఎక్స్5 డీజిల్ బండి వాడుతున్నాను. ఇది ఎఫ్15 అని పిలిచే మూడో తరం మోడల్. వారంటీ ఎప్పుడో ముగిసింది. వారం క్రితం ముందు బ్రేకు ప్యాడ్ల హెచ్చరిక దీపం వెలిగింది. దానికి తోడు బ్యాటరీ కూడా వయసు మీరినట్టుంది; రెండు మూడు రోజులు బండి తీయకపోతే ఛార్జింగ్ తక్కువగా ఉందన్న సందేశం కనిపిస్తోంది. ఒక వర్క్‌షాపులో అడిగితే, విడిభాగాల ఖరీదును మించిన కూలి చెప్పడమే కాక, డిస్కులు కూడా మార్చి తీరాలన్నారు. వాటి మందం ఎంత ఉందని అడిగితే మాత్రం కొలిచి చూపించలేదు.

చిన్న కార్లకు ఆయిలు, ఫిల్టర్లు, ఒకసారి బ్రేకు ప్యాడ్లు నేనే మార్చుకున్న అనుభవం ఉంది. ఎయిర్ ఫిల్టరు, క్యాబిన్ ఫిల్టరు, వైపర్ల గురించి నాకు బెంగ లేదు. ఈ రెండు పనుల విషయంలోనే, ఎక్కడ చెయ్యి పెడితే ఏ కంప్యూటరు అలుగుతుందోనన్న భయం ఉంది. స్వయంగా చేసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటి సమాధానం

నిస్సందేహంగా చేసుకోవచ్చండి. ఈ బండి బ్రేకు మీరు చిన్న కార్లలో చూసినదాని కంటే పెద్దదే కానీ వేరే జాతిది కాదు. సాధారణ కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే పట్టు) అయితే, దాన్ని పట్టి ఉంచే రెండు గైడు పిన్నులు వెనక వైపు ప్లాస్టిక్ మూతల కింద ఉంటాయి, 7 మిల్లీమీటర్ల అలెన్ కీతో ఊడుతాయి. మామూలు అలెన్ కీల సెట్టులో 6 తరువాత 8 ఉంటుంది, 7 చాలాసార్లు ఉండదు. చక్రం విప్పి కూర్చున్న తరువాత ఈ సంగతి తెలిస్తే ఎంత చిరాకుగా ఉంటుందో నాకు తెలుసు కనుక, ముందే తెచ్చిపెట్టుకోండి.

కంప్యూటరు అలిగేది ఒక్క చోటే, అరుగుదల సెన్సరు దగ్గర. అది ప్యాడ్‌లో అమర్చిన సన్నని తీగ చుట్టు తప్ప మరేమీ కాదు. ప్యాడ్ ఒక హద్దు దాకా అరిగాక డిస్కు ఆ తీగను కోసేస్తుంది, దీపం వెలుగుతుంది. మీకు దీపం వెలిగిందంటే ఆ సెన్సరు పని అయిపోయినట్టే అనుకుని కొత్తది తెప్పించండి. ముందు ఇరుసుకు ఇది ఎడమ చక్రానికి మాత్రమే ఉంటుంది, వెనక ఇరుసుకు కుడి చక్రానికి ఉంటుంది. స్టీరింగు ఏ పక్క ఉన్నా సరే, బండిలో ముందుకు చూస్తూ కూర్చున్నప్పటి ఎడమనే ఎడమగా లెక్కించాలి. తెగిన సెన్సరును అలాగే ఉంచి ప్యాడ్లు మాత్రం మార్చితే, సర్వీసు మెనూలో ఎన్నిసార్లు రీసెట్ నొక్కినా బండి ఒప్పుకోదు.

డిస్కుల మాట వారి నోటితో కాక మీ కొలతతో తేల్చుకోండి. అనుమతించిన కనీస మందం డిస్కు మీదే చెక్కి ఉంటుంది. అయితే మందం కొలిచే వెర్నియర్‌ను తిన్నగా పెట్టి కొలిస్తే, డిస్కు అంచున అరగకుండా మిగిలిన మిట్ట మీద దాని దవడలు ఆనుకుని, ఉన్నదాని కంటే ఎక్కువ మందం చూపిస్తాయి. అందుకని డిస్కుకు రెండు పక్కలా, అరిగిన భాగం మీద, మందం తెలిసిన చిన్న లోహపు బిళ్లలు పెట్టి, మొత్తం కొలిచి, బిళ్లల మందం తీసివేయండి. వచ్చిన అంకె కనీస మందానికి బాగా పైన ఉండి, పగుళ్లు, లోతైన గాళ్లు లేకపోతే పాత డిస్కులనే ఉంచుకోవచ్చు. కనీస మందానికి అంచుల్లో ఉంటే మాత్రం కొత్త ప్యాడ్లు అరిగేలోపే అవి హద్దు దాటుతాయి, ఇప్పుడే మార్చడం మేలు.

విప్పిన కాలిపర్‌ను గొట్టం మీద వేలాడనివ్వకండి, తీగతో స్ప్రింగుకు కట్టండి. పిస్టన్‌ను లోపలికి నొక్కేటప్పుడు బ్రేకు ఆయిలు డబ్బాలోకి వెనక్కి ఎగదన్నుతుంది. మధ్యలో ఎవరైనా నిండుగా పోసి ఉంటే పొంగిపొర్లి రంగును తినేస్తుంది. అంతా బిగించాక, ఇంజన్ను గేరులో వేయక ముందే, పెడల్ గట్టిపడే దాకా తొక్కండి.

రెండో సమాధానం

బ్రేకుల గురించి పైవారు చెప్పినదానికి నేను కలపవలసింది లేదు, బ్యాటరీ సంగతి చెబుతాను. ఈ మోడల్లో అది డిక్కీ నేల కింద ఉంటుంది. ఇంజన్ గదిలో కనిపించే టెర్మినళ్లు బయటి నుంచి కరెంటు అందించడానికి ఉద్దేశించినవి. వాటిని చూసి బ్యాటరీ అక్కడే ఉందని చాలామంది పొరబడతారు. పాతది ఏజీఎం (ఆమ్లం గాజునార పొరల్లో ఇంకి ఉండే) రకమైతే కొత్తది కూడా అదే రకం, అదే ఆంపియర్ అవర్ సామర్థ్యం ఉన్నది తీసుకోండి.

బండి ఆపిన తరువాత లోపలి కంప్యూటర్లన్నీ నిద్రలోకి జారుకోవడానికి కొంత సమయం పడుతుంది కనుక, అరగంట ఆగి మొదలుపెట్టండి. ముందుగా నెగటివ్ తీగ విప్పాలి, బిగించేటప్పుడు అది చివరన రావాలి. ఆ నెగటివ్ తీగ కొస మీద ఉన్న చిన్న పెట్టె బ్యాటరీ సెన్సరు; దాన్ని స్క్రూడ్రైవరుతో పెకలించకుండా, నట్టు వదులు చేసి చేత్తో అటూ ఇటూ తిప్పుతూ తీయండి. బ్యాటరీ మనుషులు కూర్చునే గదిలోనే ఉన్నందున, దాని వాయువును బయటికి పంపే సన్నని గొట్టం ఒకటి ఉంటుంది, దాన్ని కొత్త బ్యాటరీకి తప్పక తగిలించండి. విద్యుత్తు లేనంతసేపూ డిక్కీ తలుపు మూయకండి, ఆ తాళం కరెంటుతో తెరుచుకునేది.

ఇక రిజిస్ట్రేషన్. బ్యాటరీ ముసలిదయ్యేకొద్దీ దానికి తగినట్టు ఛార్జింగు తీరును బండి మార్చుకుంటూ వస్తుంది. కొత్తది వచ్చిందని చెప్పకపోతే, కొత్తదాన్నీ ముసలిదానిలాగే చూస్తుంది. బండి ఆగిపోదు, ఏ దీపమూ వెలగదు, కానీ బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. డయాగ్నస్టిక్ సాకెట్టుకు తగిలించే అడాప్టరు, ఫోనులో తగిన యాప్ ఉంటే ఇది రెండు నిమిషాల పని. సామర్థ్యం వేరైన బ్యాటరీ పెడితే రిజిస్ట్రేషన్ ఒక్కటే చాలదు, కొత్త అంకెను కోడింగులో, అంటే బండి కంప్యూటరు అమరికల్లో కూడా మార్చాలి. అదే కొలతది కొనమన్నది ఇందుకే.

మూడో సమాధానం

పై ఇద్దరూ చక్రం తానంతట తాను ఊడి పక్కకు వచ్చినట్టు రాశారు. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అసలు ప్రమాదం బండిని ఎత్తడంలోనే ఉంది. ఇది రెండు టన్నులకు పైబడిన బరువు. చిన్న కారు జాకీని దీని కింద పెట్టవద్దు. చదునైన గట్టి నేల మీద, వెనక చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, అంచు కింద ఉండే నాలుగు మెత్తల దగ్గర మాత్రమే ఎత్తి, స్టాండు మీద నిలిపిన తరువాతే చెయ్యి లోపలికి పెట్టండి. ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి సంచులు) ఉన్న బండ్లలో ఎత్తగానే ఎత్తును సరిచేసుకోవాలని చూసే ప్రమాదం ఉంది; ఆడీ క్యూ7 వంటి వాటిలో మెనూలో జాకీ మోడ్ ఉంటుంది, ముందు దాన్ని ఆన్ చేయాలి. మీ బండికి వెనక ఎయిర్ సస్పెన్షన్ ఉంటే హ్యాండ్‌బుక్‌లో ఆ పుట చదివి మొదలుపెట్టండి.

చక్రం దాన్ని బిగించే హబ్‌కు తుప్పుతో అతుక్కుని ఉంటే బోల్టులన్నీ తీసేసి తన్నకండి, రెండు వదులుగా ఉంచి తన్నండి. బిగింపు 140 న్యూటన్ మీటర్లు, టార్క్ రెంచ్‌తో, ఎదురెదురు బోల్టుల వరుసలో.

ఒక మాట అదనం: బ్రేకు ఆయిలు ఎప్పుడు మార్చారు? అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిలు మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీలు ఉండాలి, నీరు చేరాక అది 155 దాకా పడిపోవచ్చు. రెండేళ్లు దాటితే మార్చించండి. గొట్టాల్లోకి గాలి చేరే పని కనుక, అది మాత్రం మొదటిసారి తెలిసినవారి పక్కన నిలబడి చూడమంటాను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం రెండు పనులూ పూర్తయ్యాయి. బిళ్లలు పెట్టి కొలిస్తే డిస్కులు కనీస మందానికి రెండు మిల్లీమీటర్లు పైనే ఉన్నాయి, పాతవే ఉంచాను. కుడి చక్రం చక్కగా వచ్చింది, ఎడమది మూడో సమాధానంలో చెప్పినట్టు తన్నితేనే కదిలింది. వాయువు గొట్టం మరచిపోయి డిక్కీ నేల బిగించేశాను. మూలలో వేలాడుతున్న కొస కనిపించి మళ్లీ విప్పాను. బ్యాటరీ రిజిస్టర్ అయింది, కొత్త సెన్సరుతో ప్యాడ్ల రీసెట్ మొదటిసారికే ఒప్పుకుంది. బ్రేకు ఆయిలు మార్చి మూడేళ్లయిందని పాత రసీదుల్లో తేలింది, దానికి వచ్చే వారం వర్క్‌షాపుకే వెళుతున్నాను.