సాగర్ గేటు కొట్టుకుపోయిందని వీడియో వస్తే నిజమో కాదో ఎట్ల తేల్చుకోవాలె?

అడవిదేవులపల్లి_ఒడ్డు:
మొన్న రాత్రి పదకొండింటికి మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పడింది. "నాగార్జునసాగర్ 16వ గేటు కొట్టుకుపోయింది, ఒడ్డున ఉన్నోళ్లు ఖాళీ చేయండి" అని కింద రాసి ఉంది, వీడియోలో మాట్లాడే మనిషి కూడా పదహారో గేటు అనే అంటున్నాడు. మా అమ్మ ఒక్కతే ఉంది ఇంట్లో. రెండు బర్రెలను విప్పుకొని ఆ చీకట్లోనే దామరచర్ల దిక్కు నడిచింది, అందులో ఒకటి నిండు సూడిది. నల్లగొండలో ఉన్న నేను చేసిన ఘనకార్యం ఏందంటే, అదే వీడియోను ఇంకో రెండు గ్రూపుల్లో పెట్టిన. తెల్లారి చూస్తే సాగర్‌కు ఏమీ కాలేదు. రాత్రిపూట, అప్పటికప్పుడు ఎట్ల తెలుసుకోవాలె ఇలాంటివి?

మట్టపల్లి_మామ:
అది పులిచింతల డ్యామ్ వీడియో అయి ఉంటది తమ్ముడూ. 2021 ఆగస్టు 5న తెల్లవారుజామున అక్కడ 16వ గేటు నిజంగానే కొట్టుకుపోయింది. సాగర్‌కు 26 గేట్లు కాబట్టి అక్కడా పదహారోది ఉంటది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. వీడియోను ఆపి, గేట్లు బాగా కనపడే దగ్గర స్క్రీన్‌షాట్ తీసి, ఫోటో పెడితే వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లో పెట్టు, పాతదైతే అప్పటి వార్తలు చాలావరకు దొరుకుతాయి. దొరకలేదంటే కొత్తదని మాత్రం అనుకోకు. ఇంకోటి, మెసేజ్ మీద రెండు బాణాలుంటే కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని, అంటే పంపినోడికి కూడా అసలు సంగతి తెల్వదు.

హాలియా_విలేకరి:
నేను మండల విలేకరిని, రోజూ ఇదే గోల. గేటు పోయిందని వింటే నేను ముందు చూసేది నీటిమట్టం. సాగర్ నిండితే 590 అడుగులు, గేట్లు నిలబడిన గట్టు 546 దగ్గర. నీళ్లు 546కు కింద ఉన్నాయంటే గేటు ఉన్నా ఊడినా దాని మీదుగా చుక్క దాటదు. మట్టం, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో రోజూ పేపర్లో వస్తూనే ఉంటాయి, వానాకాలం ఆ మూడు అంకెలు గుర్తుపెట్టుకుంటే సగం పుకార్లు అక్కడే ఆగుతాయి. ఇక "ఇరిగేషన్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్న" అనే వాయిస్ మెసేజ్‌లు... పేరు చెప్పడు, ఏ ఊరో చెప్పడు, ఏ రోజో చెప్పడు. నిజంగా ఆఫీసోడైతే పోలీసులకు, తహసీల్దార్‌కు చెప్తడు గానీ మీ ఊరి గ్రూపులో ఏడుస్తడా?

అలంపూర్_తుంగభద్ర:
విలేకరి అన్నా, చెప్పడం సులువే. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు నాకు ముందు వచ్చింది వాట్సాప్‌లోనే, ఇట్లాంటివి ఎన్ని చూడలేదని పక్కకు తిరిగి పడుకున్న. అది నిజం. కాబట్టి అమ్మ బర్రెలను తోలుకుపోవడం తప్పు కాదు, నువ్వు చూడకుండా పంపడమే తప్పు. పిల్లలను ఎత్తుకుపోయేటోళ్ల పుకారు 2018లో మా దిక్కు ఎంత ఆగం చేసిందో గుర్తుందా? అప్పటి గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరికో పోలీసును పెట్టి, డప్పు కొట్టించి, పాటలు పాడించి మరీ చెప్పించారు. అప్పుడు దేశమంతా తిరిగిన కిడ్నాప్ వీడియో కరాచీలో తీసిన అవగాహన ప్రకటన, బైకు మీదోళ్లు పిల్లాడిని మళ్లీ దించే ముక్క కోసేసి పంపిన్రు.

అడవిదేవులపల్లి_ఒడ్డు:
మామా, లెన్స్‌లో పెట్టి చూసిన, పులిచింతలదే. రెండు గ్రూపుల్లోనూ తప్పు ఒప్పుకున్న, ఒక గ్రూపులో తీసేసిన్రు నన్ను. మా ఊరి లష్కర్ (కాలువ నీళ్లు చూసుకునే ఇరిగేషన్ మనిషి) నంబర్ అమ్మ ఫోన్‌లో పెట్టిన, ఇకమీద ఏదొచ్చినా ముందు ఆయనకే చేస్తది. బర్రె నిన్న ఈనింది, పెయ్యదూడ, రెండూ బాగున్నాయి. ఆ ఫోటో గ్రూపులో పెడితే ఒక్కడూ ఫార్వర్డ్ చేయలేదు.