జపాన్‌లోని టకచిహో లోయలో తెడ్డు పడవ: వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

ఒసాకా_కోడలు: అత్తయ్య, మామయ్యలతో నలుగురం వెళ్తున్నాం. పడవ అక్కడికెళ్లాక దొరుకుతుందా? కుమమోటో సిటీ నుంచి బస్సు మేలా, కారా? అత్తయ్యది శాకాహారం. తిండి సంగతేంటి?

క్యూషూ_కిరణ్: రైలు ఊసెత్తకండి. 2005 తుఫానుకి వంతెనలు కొట్టుకుపోయాక లైనే మూసేశారు. బస్సుకి దాదాపు మూడు గంటలు. పడవ ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేయాలి, ఒక్కోదాంట్లో ముగ్గురే. మేం బుక్ చేసుకునే వెళ్లాం. ముందురోజు వానకి నీరు పెరిగిందని పడవలు ఆపేశారు. గట్టు మీది దారిలో నడిచి, పైనుంచి చూసి వచ్చాం. ఇప్పటికీ కడుపు మంటే.

లంక_కుర్రాడు: మాది కోనసీమ, పడవ సంగతి నన్నడగండి. వెళ్లే వైపుకి వీపు పెట్టి కూర్చుని రెండు తెడ్లూ లాగాలి. సగంమంది ఎదురు తిరిగి కూర్చుని, తోసి తోసి రాతిగోడకి గుద్దేస్తారు. ఉన్నదే అరగంట. మనాయ్ జలపాతం ఎత్తు 17 మీటర్లే, కానీ దగ్గరికెళ్తే తడిసి ముద్దే.

పద్మజ_ఫుకుఒకా: తిండికి టెన్షన్ వద్దు. లోయ పక్కనే చీల్చిన వెదురుబొంగులో నీళ్లతోపాటు సోమెన్ (సన్నటి నూడుల్స్) వదులుతారు. జారిపోయేలోపు పుల్లలతో పట్టుకోవాలి. గోధుమపిండే, ప్యూర్ వెజ్.

క్యూషూ_కిరణ్: ముంచుకునే పులుసులో ఎండుచేప ఉంటుందండీ, ప్యూర్ వెజ్ అంటారేంటి!

పద్మజ_ఫుకుఒకా: నేను చెప్పింది సోమెన్ గురించి.

క్యూషూ_కిరణ్: అయితే ఉత్త సోమెన్ నీళ్లతో మింగమంటారా ఆవిడని?

టోక్యో_బాబాయ్: జపాన్ వచ్చి ఇంత పట్టింపా? మా అమ్మ హాయిగా తినేసింది.

పద్మజ_ఫుకుఒకా: చేప ఉందని ఆవిడకి చెప్పే పెట్టారా?

టోక్యో_బాబాయ్: మా ఇంటి విషయం మీకెందుకు?

క్యూషూ_కిరణ్: చెప్పలేదన్నమాట.

రాళ్లపిచ్చి: చేప వదలండి బాబూ. అంత దూరం వెళ్లి గోడలు చూడరా ఎవరూ? అసో అగ్నిపర్వతం కక్కిన వేడి బూడిద గట్టిపడి, చల్లారుతూ స్తంభాల్లా పగిలింది. దాన్నే గొకసే నది కోసుకుంటూ పోయింది. చాలామంది నల్లరాయి (బసాల్ట్, అంటే లావా గట్టిపడిన రాయి) అని తప్పు రాసేస్తుంటారు.

లంక_కుర్రాడు: నేను గోడలే చూశా. ముందు పడవలో జంట సెల్ఫీలు తీసుకుంటూ అడ్డం తిరిగితే ఇంకేం చూస్తాం?

పద్మజ_ఫుకుఒకా: ఆవకాయ సీసా, పులిహోర పట్టుకెళ్లండమ్మా. గొడవే లేదు.

ఒసాకా_కోడలు: అయ్యా, నలుగురికి రెండు పడవలు కావాలన్నమాట. ఒకటి మావారు నడుపుతారు. రెండోది?

లంక_కుర్రాడు: మామయ్యగారికి ఇవ్వండి. ఏ జిల్లా ఆయనది?

ఒసాకా_కోడలు: అనంతపురం.