షాంబా గొడవా, ఆడదని చంపడమా? రెబెక్కా చెప్టెగీ హత్య మీద చర్చ

ఎల్డోరెట్_వాసు:
నేనుండేది కెన్యాలోని ఎల్డోరెట్‌లో. పరుగుపందేల వాళ్ల ఊరు. తెల్లారుజామున పాలకని బయటికొస్తే ఆడా మగా గుంపులుగా రోడ్డు పక్కన పరిగెత్తుతూ కనిపిస్తారు.

2024 సెప్టెంబర్ 1న ఇక్కడి ఎండెబెస్ దగ్గర పరుగుల క్రీడాకారిణి రెబెక్కా చెప్టెగీ మీద, అంతకుముందు ఆమెతో కలిసి ఉన్నవాడు పెట్రోలు పోసి అంటించాడు. ఆమెది ఉగాండా. అంతకు మూడు వారాల ముందే పారిస్ ఒలింపిక్స్ మారథాన్‌లో 44వ స్థానంలో వచ్చింది. ఒళ్లు 80 శాతం కాలిపోయి, మా ఊరి ఆసుపత్రిలోనే 5న కన్నుమూసింది. ఆ మంటల్లోనే కాలిన వాడూ కొద్దిరోజులకి పోయాడు.

మా ఆఫీసులో భోజనాల దగ్గర ఈ మాట ఇప్పటికీ తెగదు. సగం మంది ‘షాంబా గొడవ’ అంటారు. షాంబా అంటే పొలం. ఆమె ఇల్లు కట్టుకున్న స్థలం మీద ఇద్దరికీ తగాదా ఉండేది. మిగతా సగం ఆడది కాబట్టే చంపాడంటారు. మీరేమంటారు?

మదనపల్లె_బాబాయ్:
ఇందులో చర్చేముంది? భూమి గొడవ. మా వైపు గెట్టు తగాదాల్లో అన్నదమ్ములు నరుక్కుంటారు. దాన్ని ‘మగవాళ్లపై హింస’ అని ఎవరైనా రాస్తారా? చచ్చింది ఆడమనిషైతే చాలు, పేరు మారిపోద్ది.

సుజాత_కంపాలా:
బాబాయ్ గారూ, గెట్టు తగాదాలో అవతలివాడికీ ఒక గెట్టుంటుంది. ఇతనికేముంది? ఆ స్థలం తన కూతురే కొనుక్కుందని తండ్రి చెప్పాడు. ట్రైనింగ్‌కి దగ్గరని అక్కడ ఇల్లు కట్టుకుంది. కొన్నాళ్లు పక్కన ఉన్నందుకే ఇతనికి హక్కొచ్చేసిందా?

ఇదేం మొదటిది కాదు కూడా. 2021 అక్టోబర్‌లో కెన్యా రన్నర్ ఏగ్నెస్ టిరోప్ అక్కడి ఇటెన్ ఊళ్లో తన ఇంట్లోనే కత్తిపోట్లతో శవమై దొరికింది. నెల ముందే జర్మనీలో 10 కిలోమీటర్ల రోడ్డు పరుగు 30 నిమిషాల 1 సెకనులో పూర్తి చేసి, ఆడవాళ్లు మాత్రమే పరిగెత్తే పోటీల్లో ప్రపంచ రికార్డు పెట్టిన పిల్ల. నిందితుడు మొగుడు. ఆర్నెల్లకి అదే ఇటెన్‌లో ఇంకో రన్నర్ డమారిస్ ముటువా హత్య. అనుమానం ప్రియుడి మీద. ముగ్గురూ కాళ్ల కష్టంతో సంపాదించుకున్న వాళ్లే. పద్దెనిమిదేళ్ల పిల్ల బాగా పరిగెత్తుతుందని తెలిస్తే చాలు, కోచ్‌నని ఒకడు, మేనేజర్‌నని ఒకడు చేరతాడు. కొన్నాళ్లకి వాడే మొగుడు. ప్రైజ్ మనీ పడే బ్యాంకు ఖాతా వాడి చేతిలో. ఆ పిల్ల ఒకరోజు ‘నా డబ్బు నాకివ్వు’ అంటుంది. అక్కడ మొదలవుతుంది.

మదనపల్లె_బాబాయ్:
పట్టా ఎవరి పేరున ఉందో నువ్వు చూశావా అమ్మా? తండ్రి తన కూతురి వైపు కాక ఎవరి వైపు మాట్లాడతాడు?

చిన్నా_హైద్:
ఆడవాళ్లని చంపడం అన్ని దేశాల్లోనూ ఉంది. ఆఫ్రికానే ఎందుకు పట్టుకున్నారు?

ఎల్డోరెట్_వాసు:
ఉంది చిన్నా, కాదనను. కానీ ఐక్యరాజ్యసమితి 2023కి వేసిన అంచనా చూడు. భర్తల చేతుల్లో, ప్రియుల చేతుల్లో, ఇంటివాళ్ల చేతుల్లో చనిపోయిన ఆడవాళ్లు, ఆడపిల్లలు ప్రపంచం మొత్తంలో దాదాపు 51,100. ఆఫ్రికాలోనే 21,700. లక్ష మంది ఆడవాళ్లకి 2.9. ఏ ఖండంలోనూ ఇంత లేదు. ఆసియాలో 0.8. 2024 జనవరిలో నైరోబీ రోడ్ల మీదికి వేలమంది ఊరికే రాలేదు. మళ్లీ డిసెంబర్‌లో వస్తే పోలీసులు బాష్పవాయువు వదిలారు.

బాబాయ్, పట్టా నేనూ చూడలేదు. పోనీ అతని పేరునే ఉందనుకో. పెట్రోలు పోయొచ్చా?

మదనపల్లె_బాబాయ్:
పోయొచ్చని నేనన్నానా? మాటలు నా నోట్లో పెట్టొద్దు వాసూ. పట్టా ఎవరిదని అడిగా, అంతే. ఇంతవరకు ఒక్కరూ జవాబు చెప్పలేదు.

నల్లగొండ_నర్సన్న:
పిల్ల కాలిపోయి సచ్చింది, గీయన ఇంకా పట్టా కాడ్నే ఉన్నడు.

మదనపల్లె_బాబాయ్:
నవ్వండి. చట్టాలన్నీ ఆడవాళ్ల వైపే ఉన్నాయి, అక్కడైనా ఇక్కడైనా. కెన్యాలో విడాకులైతే సగం ఆస్తి రాసివ్వాలంట. ఇరవయ్యేళ్లు చాకిరీ చేసినోడు ఏమైపోవాలి? నేనూ కోర్టు మెట్లు ఎక్కుతున్నా నాలుగేళ్లుగా. నాకు తెలుసు.

సుజాత_కంపాలా:
తప్పు. సగం దానంతటదే రాదని కెన్యా సుప్రీంకోర్టు 2023 జనవరిలోనే తేల్చింది. ఎవరెంత పెట్టారో రుజువు చేసుకోవాలి. వంట చేసినదానికీ పిల్లల్ని పెంచినదానికీ రసీదులెవరు దాచుకుంటారు?

నేనుండే ఉగాండా సంగతీ చెప్తా. ఇక్కడ పెళ్లికి మగవాళ్లు ఓలి ఇస్తారు, ఆవులూ మేకలూ. ఆడపిల్ల కాపురం వదిలి వచ్చేస్తే ఆ ఆవుల్ని తిరిగివ్వాలనే ఆచారం చాలాచోట్ల ఉండేది. అలా వెనక్కి అడగడం రాజ్యాంగవిరుద్ధమని 2015లో ఇక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. మా మందుల షాపులో పనిచేసే అమ్మాయి వాళ్లక్క తీర్పు తర్వాతే, పన్ను ఊడిన నోటితో పుట్టింటికొచ్చింది. తండ్రి పొద్దున్నే లేచి బోడబోడా మాట్లాడాడు, అంటే బైకు టాక్సీ. కూతుర్ని ఎక్కించి మొగుడింటికి తిప్పి పంపేశాడు. ఆ ఆవుల్ని ఎప్పుడో అమ్మి కొడుక్కి ఓలి కట్టేశాడట, ఎక్కణ్ణుంచి తెస్తాడు?

ఇంతకీ కోర్టు మెట్లన్నారు. కేసు వేసింది ఎవరు బాబాయ్ గారూ?

మదనపల్లె_బాబాయ్:
మా చెల్లెలు.

అడిగారు కాబట్టి చెప్తున్నా. ఉన్నది మూడెకరాలు. ఐదు బోర్లు వేస్తే నాలుగు ఎండిపోయాయి. టమాటా కిలో రెండు రూపాయలకి పడ్డప్పుడు రోడ్డు మీద పారబోసింది నేను. అమ్మని చూసింది నేను. దానికి పెళ్లప్పుడే పసుపుకుంకుమల కింద ఇచ్చాం. పాతికేళ్ల తర్వాత రోడ్డు వెడల్పయి రేటు పెరగ్గానే లాయర్ నోటీసు పంపింది. ఎవడికి మండదు? నేనేం పెట్రోలు పొయ్యలేదు కదా!

నల్లగొండ_నర్సన్న:
అబ్బా.

సుజాత_కంపాలా:
మీ బోర్ల బాధ నిజమే, కాదనను. కానీ ఆడపిల్లకి సమాన వాటా అని ఎన్టీఆర్ తెచ్చిన చట్టం 1985 నుంచే వర్తిస్తోంది. మీ చెల్లెలు కొత్తగా అడిగిందేమీ కాదు. ఆవిడ వాటా అడిగితే మీకు మండింది, ఆ మండటం మీకు న్యాయంగానే కనిపిస్తోంది. అందుకే రెబెక్కాని చంపినవాడి దగ్గర కూడా ముందు పట్టా గురించి అడిగారు.

మదనపల్లె_బాబాయ్:
నన్ను హంతకుడితో పోలుస్తున్నావా?

సుజాత_కంపాలా:
లేదు. మీరు చెయ్యెత్తే మనిషి కాదనే అనుకుంటున్నా. ‘ఇది ఆమెది ఎలా అవుతుంది’ అన్న ప్రశ్న మాత్రం మీ ఇద్దరిదీ ఒకటే.

చిన్నా_హైద్:
పర్సనల్‌గా వెళ్లకండి ప్లీజ్. అడ్మిన్ ఎక్కడ?

ఎల్డోరెట్_వాసు:
రెండ్రోజులు ఇటు రాలేదు, ఆడిట్ పని.

ఇవాళ ఈ గొడవంతా మా భోజనాల బల్ల దగ్గర చెప్పాను, మదనపల్లె టమాటాలతో సహా. స్టోర్స్‌లో పనిచేసే ఒకావిడ ఎప్పుడూ ఏమీ అనదు. ఇవాళ మాత్రం అందరూ లేచాక నాతో అంది: తనూ ఊరి చివర చిన్న స్థలం కొనుక్కుందట, తొమ్మిదేళ్ల చీటీల డబ్బుతో. మొగుడికి తెలియదు. టైటిల్ డీడ్ ఇంట్లో పెట్టకుండా ఆఫీసు డ్రాయర్‌లో, పాత రసీదు పుస్తకాల కింద దాచింది. ఆ డ్రాయర్ తాళంచెవి ఎప్పుడూ ఆవిడ మెళ్లో గొలుసుకి వేలాడుతుంటుంది. ఇన్నాళ్లూ అది ఏదో దేవుడి బిళ్ల అనుకున్నాను.

మదనపల్లె_బాబాయ్:
మొగుడికి చెప్పకుండా కొనడం మాత్రం తప్పే.